మబ్బును నడిపించిన మతిమరుపు

ఆ సోమవారం పటాలాయన నిద్ర లేచేసరికి కిటికీ అవతల వీధి లేదు. మంచు దాన్ని రబ్బరుతో తుడిచేసినట్టుంది. ఎదురింటి కప్పు ఒక్కటే గాలిలో తేలుతోంది. దాని అంచున ఒక పిట్ట, మిగతా ఊరు ఎటు పోయిందా అన్నట్టు మెడ తిప్పి తిప్పి చూస్తోంది. ఆయన కూడా దానితోపాటు కాసేపు వెతికాడు. వెతికి వెతికి, ఇవాళ పెందలాడే ఎందుకు లేచాడో అప్పుడు గుర్తు తెచ్చుకున్నాడు. చెయ్యాల్సిన పని ఒక్కటే. కూతుర్ని గంటసేపు నడిపించాలి. ఆఫీసు తొమ్మిదింటికి. ఈలోగా అయిపోయే పనే.

సర్వే ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా పటాలు గీస్తున్నాడు కాబట్టి వీధిలో అందరికీ ఆయన పటాలాయన. భార్యదీ అదే ఆఫీసు, కాకపోతే ఆవిడది బయటి పని. కొండలూ చేలూ కొలిచి అంకెలు తెస్తుంది. ఆవిడ నడిచిన నేలను ఆయన కూర్చుని కాగితం మీదికి ఎక్కిస్తాడు. ఈ ఏర్పాటు మీద వాళ్ళ కాపురంలో ఎన్నడూ పేచీ రాలేదు. నిన్ననే ఆవిడ ఆరు వారాల క్యాంపుకు వెళ్ళింది. బస్సెక్కుతూ ఒక్క మాట చెప్పింది.

"దాని గంట సంగతి మీరు చూసుకోండి."

ఆయన తలూపాడు. ఆయన తలూపితే విన్నట్టా, ఊరికే తలూపినట్టా అన్నది ఇన్నేళ్ళయినా ఆవిడకు తేలలేదు.

'అది' అంటే కూతురు. పద్నాలుగేళ్ళు. ఇంట్లో మబ్బు అంటారు. సెలవులిస్తే చాలు, కిటికీ గట్టు మీద మోకాళ్ళు ముడుచుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, పుస్తకంలోంచి ఆకాశంలోకీ ఆకాశంలోంచి పుస్తకంలోకీ తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడులో కాళ్ళకు పనుండదు. అచ్చం తండ్రి పోలికే అని అందరూ అంటారు. అది మెచ్చుకోలే అనుకునేవాడు ఆయన, రెండు వారాల కిందట లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా.

కొన్ని నెలలుగా అమ్మాయి నెలసరి దారి తప్పింది. ఒకసారి రెండు నెలలకు, ఇంకోసారి మూడు నెలలకు వస్తోంది. బుగ్గల నిండా మొటిమలు. తల్లి సొంత చెల్లెలికి ఇలాగే మొదలై, ఏళ్ళ తరబడి అవస్థ పడింది. అందుకే తల్లికి దిగులు. ఆసుపత్రిలో తల్లీకూతుళ్ళిద్దరూ అరగంట లోపల ఉన్నారు. ఆయన బయట బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత నర్సు ఆయన్నీ లోపలికి పిలిచింది. అప్పటికి అమ్మాయి రక్తపరీక్ష గదికి వెళ్ళింది.

"ఈ వయసులో మొదటి రెండు మూడేళ్ళు అటూ ఇటూ అవడం మామూలేనండీ," అంది డాక్టరు. "ఇప్పుడే దీనికి పీసీఓఎస్ అని పేరు పెట్టను. కానీ ఇంట్లో ఒకరికి ఉందంటున్నారు, పిల్లేమో రోజంతా కూర్చునే ఉంటోంది. రోజూ ఒక గంట ఒళ్ళు కదలాలి. నడకో, ఆటో, తాడాటో, ఏదైనా సరే. అలా చేస్తే రానే రాదని నేను రాసివ్వలేను. వచ్చే అవకాశం మాత్రం తగ్గుతుంది. వచ్చినా అదుపులో ఉంటుంది."

డాక్టరు మాట్లాడుతున్నంతసేపూ పటాలాయన తలెత్తలేదు. ఇలాంటి సంగతులు తన ఎదుట మాట్లాడటం ఆయన జీవితంలో అదే మొదలు. చెవులు కాలిపోతున్నాయి. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక గోడ మీది బొమ్మ మీద పెట్టాడు. అది గర్భాశయం బొమ్మ. ఆయన కళ్ళకు మాత్రం రెండు పాయలుగా చీలిన నది కనిపించింది. ఒక్కో పాయ చివర ఒక్కో దీవి. దీవుల అంచులు ఎంత ఒద్దికగా గీశాడో ఆ మహానుభావుడు అనుకుంటూ ఒక దీవి చుట్టూ పడవలో తిరిగి వచ్చేసరికి డాక్టరు చివరి మాటల్లో ఉంది.

"...అమ్మాయిని భయపెట్టకండి. లావూ సన్నం అని మాటలనకండి. అంతా ఆటలా సాగిపోవాలి."

భయపెట్టకండి అంటే చెప్పకండి అని ఆయనకు అర్థమైంది. అది ఆయనకు చాలా నచ్చింది కూడా.

ఇదీ వెనకటి కథ. ఆ సోమవారం పొద్దున ఆయన గొంతు సవరించుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"మబ్బూ, అలా కాస్త నడిచి రారాదూ?"

"ఎక్కడికి నాన్నా?"

"ఎక్కడికైనా."

"ఎందుకూ?"

ఆయన నీళ్ళు నమిలాడు. ఆ 'ఎందుకు' వెనకాల ఉన్న జవాబు గొంతు దాకా వచ్చి, అక్కడే చతికిలబడింది.

"ఎందుకంటే... నా కళ్ళజోడు లైబ్రరీలో మర్చిపోయాను."

కళ్ళజోడు చొక్కా జేబులోనే ఉంది. చప్పున దాని మీద చెయ్యి వేసుకున్నాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడనుకుంది అమ్మాయి. గట్టు మీంచి ఒక్క దూకు దూకింది.

"అయ్యో, అది లేకపోతే నీకు గీతలే కనిపించవుగా!"

చెప్పులు వేసుకుని మంచులో కలిసిపోయింది. అరగంటకు తిరిగొచ్చి, రొప్పుతూ, "లేదు నాన్నా, అక్కడ లేదు," అంది. "అయితే పోస్టాఫీసులో అయి ఉంటుంది," అన్నాడు. మళ్ళీ వెళ్ళింది. రెండోసారి వచ్చేసరికి బుగ్గలు ఎర్రబడ్డాయి, కళ్ళు మెరుస్తున్నాయి, కళ్ళజోడు అలమారలో దొరికింది. ఆయన గోడ గడియారం చూశాడు. యాభై రెండు నిమిషాలు. ఒక్క అబద్ధానికి ఇంత ఫలితం ఉంటుందని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఆ రోజు ఆఫీసులో ఆయన చెయ్యాల్సిన పటం పక్కన పెట్టి వేరే పటం గీశాడు. సొంత ఊరిది. పటం మీద దూరాలు కొలవడానికి వేలెడంత పిడికి బిగించిన చిన్న చక్రం ఒకటి ఉంటుంది వాళ్ళ దగ్గర. దాన్ని వీధుల వెంట దొర్లిస్తూ, ఇంటినుంచి లైబ్రరీ ఎంత, పడవల రేవు ఎంత, కొండ మీది రాతి బెంచీ ఎంత అని లెక్క కట్టాడు. సాయంత్రం ఇంటికి వస్తూ గొడుగును పోస్టాఫీసు గుమ్మంలో మర్చిపోయాడు. మర్నాడు టోపీని రేవులో మర్చిపోయాడు. ఆ మర్నాడు అన్నం డబ్బాను కొండ మీద, చెట్టు కొమ్మకు తగిలించి మరీ మర్చిపోయాడు.

పొద్దున్నే మబ్బు బయల్దేరుతుంది. ఆయన ఆఫీసుకు వెళ్ళి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటాడు. మూసిన రెప్పల కింద ఊరంతా పరుచుకుంటుంది. దాని మీద ఎర్రటి చుక్క ఒకటి కదులుతూ ఉంటుంది. చేపల సందు దాటింది. వంతెన ఎక్కింది. వంతెన మీద కాసేపు ఆగింది, నీళ్ళు చూస్తోంది కాబోలు, చూడనీ. మళ్ళీ కదిలింది. ఆయన గీసిన వీధుల్లో ఇన్నేళ్ళుగా ఎవరూ నడవలేదు. ఇప్పుడు నడుస్తున్నారు. ఆ చుక్క వెంట ఆయనకూ గాలి తగులుతున్నట్టు, కాళ్ళ కింద మంచు తడి తెలుస్తున్నట్టు ఉండేది.

వారం తిరిగేసరికి అమ్మాయి నడవడం మానేసింది. పరిగెత్తుతోంది. ఆహా, రుచి మరిగింది అనుకున్నాడాయన.

అమ్మాయి పరిగెత్తుతున్నది భయంతో. ఆ సంగతి ఆయనకు తర్వాత తెలిసింది.

పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. వీధంతటికీ పిన్ని. మిషను వసారాలో వేసుకుంటుంది కాబట్టి వీధిలో ఏ కాలు కదిలినా ఆవిడకు తెలుస్తుంది. ఒకరోజు మబ్బును ఆపింది.

"ఏమే, పొద్దుటే కాళ్ళకు బలపం కట్టుకుని ఎక్కడికా తిరుగుడు?"

"నాన్న రోజుకో వస్తువు మర్చిపోతున్నాడు పిన్నీ. మొన్న అన్నం డబ్బా కొండ మీద చెట్టుకి తగిలించి వచ్చాడు. ఆఫీసు పల్లంలో ఉంటే కొండ మీదికి ఎందుకెళ్ళాడో కూడా గుర్తు లేదట."

పిన్ని మిషను ఆపేసింది. ఆవిడ మిషను ఆపిందంటే విషయం చిన్నది కాదని.

మర్నాడు పొద్దున రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటుండగా కూతురు మెల్లగా అడిగింది. "నాన్నా, ఇవాళ ఏ వారం?"

ఆయన అప్పుడే ఆ సాయంత్రం చెప్పులు ఎక్కడ మర్చిపోవాలా అని ఆలోచిస్తున్నాడు. "పడవల రేవు," అన్నాడు.

"వారం అడిగాను నాన్నా."

"ఓ, వారమా? గురువారం."

ఆ రోజు మంగళవారం. అమ్మాయి ఇంకో రొట్టె ముక్క ఆయన పళ్ళెంలో పెట్టి, మొహం అటు తిప్పుకుంది.

ఆ మధ్యాహ్నం సూపరింటెండెంటు ఆయన్ని గదిలోకి పిలిచాడు. గట్టిగా మాట్లాడటం తప్ప వేరే దుర్గుణం లేని మనిషి. ఇవాళ మాత్రం పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"బాగా అలిసిపోయావయ్యా. ఆ కొత్త పటానికి సముద్రం రంగు వెయ్యి, చాలు."

"మరి కొండలు, సరిహద్దులు?"

"అవి మిగతావాళ్ళు చూసుకుంటారు. సముద్రమైతే నయం. ఎక్కడ చెయ్యి జారినా సముద్రమే."

అంతకు గంట ముందు అమ్మాయి వచ్చి, ఆ గదిలోనే కూర్చుని, మా నాన్నకు కష్టమైన పని ఇవ్వకండి అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిందని పటాలాయనకు తెలియదు. ఇన్నేళ్ళకు తన రంగుల పనితనం పైవాళ్ళ కంట పడిందని సంబరపడ్డాడు. మూడు రోజులు నీలం రంగే వేశాడు. లోతు పెరిగేకొద్దీ చిక్కగా, ఒడ్డుకు వచ్చేకొద్దీ పలచగా. పక్క బల్ల గుమాస్తా గంటకోసారి వచ్చి, "ఇంటికి దారి గుర్తుందిగా?" అని అడిగి వెళుతున్నాడు. అలలు లెక్కపెట్టుకుంటున్న మనిషికి అదేమీ వింతగా తోచలేదు.

శనివారం బస్సులో వింతగా తోచింది. వెనక నిలబడ్డ కండక్టరు ఆయన మెడ వెనక వంగి ఏదో చదివాడు. ఆ తర్వాత ఆయన భుజం మీద చెయ్యి వేసి, మెత్తగా, "దిగుదాం పదండి బాబాయిగారూ," అన్నాడు.

"నా స్టాపు ఇంకా రాలేదయ్యా."

"వస్తుంది, వస్తుంది. కంగారు పడకండి. మీ వాళ్ళ దగ్గరికే వెళదాం."

బస్సు ఆగింది. బస్సులో అందరూ జాలిగా చూశారు. ఒక పెద్దావిడ తన అరటిపండు ఆయన చేతిలో పెట్టింది. కండక్టరు ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ నీలం తలుపున్న ఆయన ఇంటిదాకా తీసుకొచ్చి, పిన్నికి అప్పగించి, జాగ్రత్తమ్మా అని చెప్పి వెళ్ళాడు. అప్పుడు ఆయన చొక్కా విప్పి చూసుకున్నాడు. కాలరు వెనక తెల్లదారంతో, ముత్యాల్లాంటి అక్షరాలతో కుట్టి ఉంది. "దారి తప్పితే దయచేసి నీలం తలుపు ఇంటికి చేర్చండి."

ఇంట్లో ఉన్న ఏడు చొక్కాలకూ అదే కుట్టు.

"ఏంటి చెల్లెమ్మా ఇది?"

పిన్ని ఆయన మొహంలో మొహం పెట్టి, ఒక్కో మాటా విడదీసి పలికింది. "అన్నయ్యగారూ. నేను. పక్కింటి. దాన్ని."

అప్పటికి గానీ పటాలాయనకు తెలిసిరాలేదు. సముద్రం ఎందుకు వచ్చిందో, గుమాస్తా గంటగంటకూ ఎందుకు వచ్చాడో, కూతురు రొట్టె ముక్కలు ఎందుకు పెంచుతోందో అన్నీ ఒకదాని వెంట ఒకటి వరుసలో వచ్చి నిలబడ్డాయి. ఇప్పుడే గట్టిగా అరిచి చెప్పేస్తే సరిపోతుంది, నాకే రోగమూ లేదని. మరి ఎందుకిలా చేశావంటే? అమ్మాయికి ఆ నాలుగక్షరాల పేరు చెప్పాలి. భయపెట్టకండి అంది డాక్టరు. కూతురు పరిగెత్తుతోంది. బుగ్గలకు రంగు వచ్చింది. కిటికీ గట్టు మీద దుమ్ము పేరుకుంటోంది. ఆ దుమ్ము చూసి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. పోతే తన మతే కదా పోతుంది, పోనీ.

అలా అనుకుని ఊరుకున్నాడు గానీ, వ్యవహారం ఊరుకోలేదు. సోమవారం సూపరింటెండెంటు ఒక ఉత్తరం చేతిలో పెట్టాడు. శుక్రవారం వైద్యుల బృందం ఎదుట హాజరు కావాలి. జ్ఞాపకశక్తి సరిగా లేదని తేలితే ఇక పటాలు గీసే బల్ల దగ్గర కూర్చోనివ్వరు. అదే సాయంత్రం మబ్బు కొండల్లో ఉన్న తల్లికి ఫోను చేసింది. సరిగా అందని ఆ ఫోనులో తల్లికి వినిపించినవి మూడే ముక్కలు. "నాన్న... అన్నీ... పోయాయి."

బుధవారం పొద్దున అమ్మాయి ఆయన దుప్పటి లాగేసింది.

"లే నాన్నా. ఇవాళ్టినుంచి నువ్వూ నాతో రావాలి. డాక్టరుగారిని అడిగి వచ్చాను. మతిమరుపుకి కూడా నడక మంచిదేనట."

ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. తను తోడుంటే దారి ఇంకా పెంచవచ్చు. ఇద్దరూ మంచులోకి దిగారు. దీపాలు ఇంకా ఆర్పలేదు. ఒక్కో దీపం చుట్టూ పసుపుపచ్చని బంతి ఒకటి వేలాడుతోంది. అడుగుల చప్పుడు ముందు వినిపించి మనుషులు తర్వాత కనిపిస్తున్నారు. వంతెన కింద నది లేదు, నది చప్పుడుంది. కూతురు ఆయన చెయ్యి వదల్లేదు. అది చిన్నప్పుడు బడికి వెళ్ళేటప్పుడు పట్టుకున్నట్టే ఉంది, కాకపోతే ఇప్పుడు లాక్కెళ్ళేది కూతురు. రెండో మలుపుకే ఆయనకు ఆయాసం వచ్చింది. మూడో మలుపు దగ్గర గోడ పట్టుకున్నాడు. కూతురు ఆగి, ఊపిరి ఎలా తీసుకోవాలో చేసి చూపించింది. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఆ కొండను గోధుమరంగు గీతలుగానే ఎరుగును. అది ఇంత నిటారుగా ఉంటుందని గీతలెప్పుడూ చెప్పలేదు.

పైన రాతి బెంచీ మీద కూలబడ్డారు. మంచు అక్కడక్కడా చిరిగి, ఆ చిరుగుల్లోంచి ఊరు ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది.

"నాన్నా, ఆ గడియార స్తంభం పక్క వీధి పేరేంటి?"

ఆ పేరు పటం మీద సిరాతో రాసింది ఆయనే. చెబితే జబ్బు నయమైపోతుంది. నయమైతే రేపటినుంచి కిటికీ గట్టు.

"తెలీదమ్మా."

"ఆ వంతెన?"

"ఏ వంతెన?"

"పోనీ, మన ఇల్లు ఎటుందో చూపించు."

ఇల్లు ఎదురుగా, రెండు పొగగొట్టాల మధ్య కనిపిస్తోంది. ఆయన చెయ్యెత్తి, దానికి సరిగ్గా వ్యతిరేక దిక్కున, మంచులోకి చూపించాడు.

మబ్బు ఏడ్చేసింది. చప్పుడు లేకుండా, భుజాలు కదిలిపోయేలా. "నన్ను కూడా మర్చిపోతావా నాన్నా?"

ఇక ఆయన వల్ల కాలేదు.

"లేదు మబ్బూ, లేదు. నాకే మతిమరుపూ లేదు."

"ఉన్నవాళ్ళందరూ అలాగే అంటారట. డాక్టరుగారు చెప్పారు."

"అది చేపల సందు! దాని వెనకది దర్జీల వీధి, అక్కణ్ణుంచి ఎడమకి తిరిగితే పాత జైలు గోడ, గోడ చివర పంపు! మన ఇల్లు అదిగో, ఆ పొగగొట్టాల మధ్య! గొడుగు నేనే పెట్టాను. టోపీ నేనే పెట్టాను. డబ్బా కొమ్మకి తగిలించడానికి ఎంత తంటాలు పడ్డానో నాకు తెలుసు!"

ఏడుపు ఆగింది. "మరెందుకలా చేశావు?"

ఆయన మళ్ళీ నీళ్ళు నమలబోయాడు. నోట్లో తడి కూడా లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, ఇన్ని రోజుల బరువునూ ఒక్క మాటలోకి తోసి అరిచాడు.

"నీ నెలసరి కోసం!"

మాట కొండకు తగిలి వెనక్కి వచ్చింది. కింద మలుపులో నడుస్తున్న ఇద్దరు ఆగి పైకి చూశారు. ఆయన తెగించాడు. పీసీఓఎస్ అన్నాడు, రోజూ గంట కదలాలన్నాడు, భయపడకు అన్నాడు, భయపెట్టొద్దని చెప్పారన్నాడు. అన్నీ ఒకే ఊపిరిలో, వెనకది ముందూ ముందుది వెనకా.

అమ్మాయి నోరు వెళ్ళబెట్టి విన్నది. తర్వాత పెదవులు వణికాయి. ఆయన భయపడేలోగా నవ్వు మొదలైంది. బెంచీ మీద ఒరిగిపోయి, కడుపు పట్టుకుని నవ్వింది.

"అది నాకు తెలుసు నాన్నా! డాక్టరుగారు ముందు నాకే చెప్పారు, అరగంట, బొమ్మ గీసి మరీ. నేను రోజూ సాయంత్రం నువ్వు వచ్చేలోగా పిన్ని మేడ మీద గంటసేపు తాడాట ఆడుతున్నాను. పిన్ని కింద మిషను తొక్కుతూ లెక్కపెడుతుంది."

"సాయంత్రం కూడానా?"

"పొద్దున నీ గొడుగులు, సాయంత్రం నా తాడు. రాత్రి ఒళ్ళు తెలీకుండా పడి నిద్రపోతున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అమ్మ వద్దంది. మీ నాన్న దగ్గర ఆ మాట ఎత్తకే, సిగ్గుతో సగం చచ్చిపోతాడు అంది."

ఆయన ఆ మాటను జీర్ణం చేసుకుంటుండగా దారి మలుపులో బరువైన బూట్ల చప్పుడు వినిపించింది. మంచులోంచి ముందు కొలత కర్ర, దాని వెనక సంచీ, ఆ వెనక రెండు బస్సులు మారి, పిన్ని దగ్గర వాకబు చేసి, కొండ ఎక్కి వచ్చిన భార్య బయటపడ్డారు. ఆవిడ ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, వేలుతో తన గుండె మీద పొడుచుకుంటూ అడిగింది.

"నేనెవరో చెప్పండి!"

"మా ఆవిడవి," అన్నాడాయన, చాలా వినయంగా.

ఆవిడ బెంచీ మీద కూలబడింది. కథంతా కూతురు చెప్పింది. ఆవిడ వింటూ మధ్యలో రెండుసార్లు మొగుడి వంక, ఒకసారి ఆకాశం వంక చూసింది. చివరికి, "దాని గంట సంగతి చూసుకోండి అన్నాను. అంటే గడియారం చూడమని. ఊరంతటికీ తమాషా చూపించమని కాదు," అంది. కానీ వస్తున్న నవ్వును ఎక్కువసేపు ఆపుకోలేకపోయింది. మంచు పూర్తిగా విడిపోయేదాకా ముగ్గురూ అక్కడే, భుజాలు తగిలేలా కూర్చున్నారు. ఆయనకు చాలా ఏళ్ళ తర్వాత కింద కనిపిస్తున్నది పటం అనిపించలేదు, ఊరు అనిపించింది.

శుక్రవారం పరీక్ష తప్పలేదు. ఇవాళ తేదీ ఎంత అని అడిగారు వైద్యులు. ఆయన నిజాయితీగా ఆలోచించి, తెలియదన్నాడు. వారం అడిగారు. అదీ తప్పే. అసలు నిజం చెబితే ఇంకా పిచ్చివాడనుకుంటారని చెప్పలేదు. ఆఖరికి ఒకాయన కాగితమిచ్చి, మీ ఊరు గీయండి అన్నాడు. గంటలో ఊరు మొత్తం గీశాడు, మూతపడ్డ బావులతో, విరిగిన మెట్లతో సహా. అందులో ఆసుపత్రి వెనక ఒక అడ్డదారి ఉంది. అది తమకే తెలియదని వైద్యులు కిటికీ తెరిచి మరీ చూసుకున్నారు. "ఊరు గుర్తుంది, వారం గుర్తు లేదు. వృత్తికి ఆటంకం లేదు," అని రాసిచ్చారు.

ఆ కాగితం పట్టుకుని గర్వంగా వెళితే సూపరింటెండెంటు గొంతు మళ్ళీ మామూలుగా మోగింది.

"శుభం! మతి భేషుగ్గా ఉందన్నమాట. మరి నీ గొడవలో మీ ఆవిడ క్యాంపు మధ్యలో వదిలేసి వచ్చేసింది. వెనకబడ్డ కొలతలు ఆవిడొక్కర్తి వల్ల కావు. నువ్వూ వెళ్ళు."

"నేనా? నేను కూర్చుని గీసే మనిషినండీ."

"ఇప్పుడు నిలబడి కొలువు. మూడు వారాలు."

మూడు వారాలు వాళ్ళు కొండల్లో తిరిగారు. భార్య పరికరంలోంచి చూసేది, ఆయన అంకెలు రాసేవాడు, సెలవులు కాబట్టి కూడా వచ్చిన మబ్బు కొలత కర్ర పట్టుకుని గడ్డి మైదానాలకు అడ్డం పడి పరిగెత్తేది. ఎక్కడో దూరాన, మేఘం నీడ అంచున, కర్ర ఎత్తి నిలబడేది. రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు. మొదటి వారం పటాలాయన పాదాలకు బొబ్బలు, రెండో వారం బొబ్బల మీద బొబ్బలు. ఆకాశం వంక చూసే తీరిక దొరికినప్పుడల్లా ఆయనకు కునుకు పట్టేది.

సెలవుల చివర్లో లేడీ డాక్టరు దగ్గరికి ముగ్గురూ వెళ్ళారు. ఈసారి ఆయన బెంచీ మీద ఆగలేదు. లోపలికి వెళ్ళి కూర్చుని, ఎవరూ అడక్కముందే, "మా అమ్మాయికి నెలసరి ఈసారి ముప్పై ఎనిమిదో రోజుకు వచ్చిందండీ," అన్నాడు. అంత గట్టిగా చెప్పనక్కర్లేదని భార్య మోకాలు తట్టింది. డాక్టరు కాగితాలన్నీ చూసి, ఇది మంచి మాటేననీ, ఒక్క నెలతో ఏమీ తేల్చలేమనీ, ఇంకో ఆరు నెలలు చూద్దామనీ, కదలిక మాత్రం ఆపొద్దనీ చెప్పింది. తర్వాత అమ్మాయి వైపు తిరిగింది.

"రోజూ నడవడం కష్టంగా ఉందామ్మా?"

"నడవడం కాదండీ," అంది మబ్బు. "నాన్న కోసం ఆగడమే కష్టంగా ఉంది."